పని సరిగ్గా చేయనిస్తే చాలు అంటున్నారు

ఆసుపత్రి ఉద్యోగం మానేస్తున్న మనిషిని ఎందుకు మానేస్తున్నావని అడిగితే మొదట వచ్చే జవాబు జీతం. రాజీనామా కాగితంలో రాసే కారణం కుటుంబ పరిస్థితులు. తలుపు వేసి, ఫోన్ పక్కన పెట్టి, కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడాక మళ్లీ అడిగితే అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది. చాలామంది చెప్పేది దాదాపు ఒకటే. "ఇక్కడ పని సరిగ్గా చేయలేకపోతున్నానండీ. ఇంటికెళ్లాక కూడా చేయకుండా వదిలేసినవే గుర్తొస్తున్నాయి."

నేను చాలా ఏళ్లు వార్డులో స్టాఫ్ నర్సుగా చేసి, ఇప్పుడు నర్సింగ్ ఆఫీసులో ఉన్నాను. డ్యూటీ చార్టులు వేయడం, కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పడం, వెళ్లిపోయేవాళ్లతో చివరగా ఓసారి కూర్చోవడం నా పనులు. నర్సులే కాదు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఆయాలు, వార్డు బాయ్‌లు, జూనియర్ డాక్టర్లు కూడా వచ్చి మనసు విప్పి మాట్లాడతారు. వినగా వినగా నాకు ఒక విషయం రూఢి అయింది. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా కోరుకునేది, తమ చేతికొచ్చిన పనిని తమకు తెలిసినంత బాగా చేయగలగడం. జీతం, సెలవులు, గౌరవం అన్నీ ముఖ్యమే, కాదనను. కానీ వాటిలో చాలావరకు దీని చుట్టూనే తిరుగుతాయి. ఉద్యోగుల సంతృప్తి గురించి మీటింగులు పెట్టినప్పుడు ఎక్కువగా మరిచిపోయేదీ దీన్నే.

పని సరిగ్గా చేయడమంటే ఏమిటో ఒక మామూలు విషయంలో చూద్దాం. మంచం మీంచి కదల్లేని పేషెంటును దాదాపు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పకపోతే వీపు కింది భాగంలో, మడమల మీద బరువు పడి చర్మం ఎర్రబడుతుంది. ఆ ఎరుపు మీద వేలితో నొక్కి వదిలితే, అక్కడ ఒక్క క్షణం తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. నొక్కినా ఎరుపు పోలేదంటే బెడ్ సోర్ మొదలైనట్టే. మనిషిని తిప్పడానికి ఇద్దరు కావాలి. ఒక్కరే లాగితే చర్మం దుప్పటికి ఒరుసుకుని లేచిపోతుంది. లాగినవాళ్ల నడుము కూడా పట్టేస్తుంది. ఇప్పుడు నైట్ డ్యూటీలో వార్డు మొత్తానికి ఒక్క నర్సు ఉందనుకోండి. రెండో మనిషి కోసం ఫోన్ చేస్తే, అతను వేరే పేషెంటును స్కానింగుకు తీసుకెళ్లాడంటారు. ఈలోగా ఇంకో మంచం దగ్గర సెలైన్ అయిపోతుంది, మరొకరికి ఆయాసం మొదలవుతుంది. తిప్పాల్సిన టైము దాటిపోతుంది. తెల్లవారుజామున ఆమె ఆ పేషెంటు మడమ మీద వేలు పెట్టి నొక్కుతుంది. ఎరుపు పోదు.

ఏం చేయాలో ఆమెకు తెలుసు. ఎలా చేయాలో తెలుసు. చేయాలన్న మనసూ ఉంది. చేయడానికి వీలు లేకపోయింది, అంతే. ఇలాంటి స్థితి గురించి ఆండ్రూ జేమ్‌టన్ అనే తత్వవేత్త 1984లోనే నర్సుల విషయంలో రాశాడు. ఏది సరైనదో తెలిసి కూడా, సంస్థలో ఉన్న అడ్డంకుల వల్ల అది చేయలేకపోయినప్పుడు పడే నలుగుబాటుకు 'మోరల్ డిస్ట్రెస్' అని పేరు పెట్టాడు. అది మామూలు అలసట కాదు. వార్డులో పనిచేసిన ఎవరికైనా ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. ఒళ్లు హూనమయ్యేలా పనిచేసి, అన్నీ సక్రమంగా జరిగిన రోజు ఇంటికెళ్లి హాయిగా నిద్రపోతాం. పని అంత లేకపోయినా, చూడాల్సిన మనిషిని చూడలేకపోయిన రోజు నిద్ర పట్టదు.

కాబట్టి 'మావాళ్లకు స్ట్రెస్ ఎక్కువైంది, ధ్యానం క్లాసులు పెడదాం' అని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. ధ్యానం మంచిదే. కానీ ఆమెకు ఆ రాత్రి కావాల్సింది పేషెంటును అటువైపు పట్టుకునే ఇంకో రెండు చేతులు.

ఇది నర్సుల గొడవ మాత్రమేనని కొట్టిపారేసేవాళ్లకు 2002 నాటి ఒక పరిశోధన చూపించాలి. లిండా ఐకెన్, ఆమె సహచరులు అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రుల లెక్కలు తీశారు. పదివేలమందికి పైగా నర్సులను అడిగారు, రెండు లక్షల ముప్పై వేలకు పైగా సర్జరీ పేషెంట్ల వివరాలు చూశారు. ఒక్కో నర్సు చూడాల్సిన పేషెంట్లలో ఒక్కరు పెరిగితే, ఆ పేషెంట్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. నర్సు పూర్తిగా డీలాపడిపోయే అవకాశం 23 శాతం, ఉద్యోగం మీద అసంతృప్తి 15 శాతం పెరిగాయి. ఈ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలని నా మనవి. పేషెంటు ప్రాణం, నర్సు మనసు ఒకే కారణానికి దెబ్బతింటున్నాయి. ఉద్యోగుల సంక్షేమం ఒక ఫైల్లో, పేషెంట్ల భద్రత ఇంకో ఫైల్లో పెట్టుకుని రెండిటికీ వేర్వేరు కమిటీలు వేస్తే, రెండిటికీ ఉన్న ఆ ఒక్క కారణం ఎవరి చేతికీ రాదు.

కాలిఫోర్నియాలో 1999లో దీనికోసం చట్టమే చేశారు. 2004 నుంచి అమల్లోకి వచ్చింది. ఐసీయూలో ఒక నర్సుకు ఇద్దరు పేషెంట్లకు మించకూడదు. జనరల్ వార్డుల్లో మొదట ఆరుగురు, మరుసటి ఏడు నుంచి ఐదుగురు. అలా లెక్క కట్టి పెట్టడం కుదరదని ఆసుపత్రులు అప్పట్లో గట్టిగానే వాదించాయి. చట్టం మాత్రం ఇప్పటికీ అమల్లో ఉంది.

ఇక జీతం సంగతి. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త ఇంజనీర్లను, అకౌంటెంట్లను ఇంటర్వ్యూ చేసి 1959లో ఒక మాట చెప్పాడు. జీతం, పని పరిస్థితులు బాగోకపోతే మనిషి అసంతృప్తి పడతాడు గానీ, అవి బాగున్నంత మాత్రాన పని మీద ఇష్టం పుట్టదని. పని నెరవేరిందన్న తృప్తి, గుర్తింపు, ఎదుగుదల, ఇవి ఇష్టాన్ని పుట్టిస్తాయని. నా అనుభవంలో అది నిజమే. కానీ ఈ మాటను చాలామంది సగమే పట్టుకుంటారు. 'డబ్బే ముఖ్యం కాదు కదా' అని జీతం పెంచకపోవడానికి వాడుకుంటారు. ఇది అన్యాయం. ఒకే వార్డులో, ఒకే పని చేస్తూ, ఒకరు పర్మినెంటు అయినందుకు ఒక జీతం, ఇంకొకరు కాంట్రాక్టు అయినందుకు అందులో సగం తీసుకుంటుంటే, ఆ రెండో మనిషికి ప్రతి నెలా జీతం పడినప్పుడు తన పని విలువ సగమేనని చెప్పినట్టవుతుంది. డబ్బు చాలకపోవడం ఒక బాధ, తోటివాళ్ల ముందు తక్కువైపోవడం అంతకన్నా పెద్ద బాధ. పైగా జీతం చాలనివాళ్లు డ్యూటీ దిగి ఇంకోచోట ఇంకో డ్యూటీ ఎక్కుతారు. రెండో చోట ఇంజక్షన్ డోసు లెక్క కట్టేది నిద్రలేని ఆ మనిషే. జీతం తర్వాత చూద్దాం అనే మాట అక్కడ చెల్లదు.

నిద్ర గురించి చెప్పుకోవాలంటే 2004లో బోస్టన్‌లో ఐసీయూ జూనియర్ డాక్టర్ల మీద చేసిన పరిశోధన ఒకటుంది. 24 గంటలు, అంతకుమించి ఏకబిగిన డ్యూటీలు ఉన్న పాత పద్ధతిలో, డ్యూటీ గంటలు తగ్గించిన కొత్త పద్ధతి కన్నా తీవ్రమైన పొరపాట్లు 36 శాతం ఎక్కువగా జరిగాయి. అయినా 'మేమూ ఇలాగే చేశాం, మాకేం కాలేదు' అనే సీనియర్లు ప్రతి చోటా ఉంటారు. వాళ్లకేం కాలేదు, నిజమే. వాళ్ల పేషెంట్లకు ఏమైందో ఎవరూ లెక్కపెట్టలేదు.

డ్యూటీ చార్టు వేసే మనిషిగా ఒక చిన్న సంగతి కూడా చెబుతాను. వచ్చే నెల తన డ్యూటీలేమిటో ముందే తెలియడం మనిషికి ఎంత పెద్ద ఊరటో బయటివాళ్లకు తెలియదు. నైట్ డ్యూటీలు ఎక్కువ పడినా సర్దుకుంటారు. పిల్లల స్కూలు మీటింగుకు వెళ్లొచ్చో లేదో ముందురోజు రాత్రి దాకా తేలకపోవడం మాత్రం తట్టుకోలేరు. చార్టు రెండు వారాల ముందు గోడ మీద పెట్టడానికి, ఇద్దరు పరస్పరం ఒప్పుకుంటే డ్యూటీలు మార్చుకోనివ్వడానికి పైసా ఖర్చు లేదు. అది కూడా చేయనిచోట మనుషులు ఎందుకు నిలవడం లేదని ఆశ్చర్యపోవడంలో అర్థం లేదు.

హౌస్ కీపింగ్ వాళ్ల గురించి ఒక పరిశోధన చాలా ట్రైనింగుల్లో చెబుతుంటారు. ఎమీ రెజ్‌నెస్కీ, జేన్ డటన్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో ప్రచురించిన వ్యాసంలో ఆసుపత్రి శుభ్రం చేసేవాళ్ల ప్రస్తావన ఉంది. అందరి పనీ ఒకటే. కొందరు చెప్పిందే చేసి, ఎవరితోనూ కలవకుండా వెళ్లిపోయేవారు. మరికొందరు పేషెంట్లను పలకరించేవారు, బంధువులకు దారి చూపించేవారు, వార్డులో నర్సుల పని తీరును బట్టి తమ పని సర్దుకునేవారు. ఈ రెండోవాళ్లు తమను తాము వైద్యంలో భాగంగానే చూసుకున్నారు. పని మీద ఇష్టం కూడా వాళ్లకే ఎక్కువ.

ట్రైనింగుల్లో దీనికి చెప్పే భాష్యం ఏమిటంటే, అంతా మన ఆలోచనా తీరులోనే ఉంది, మీరు కూడా అలా అనుకోండి, అని. నేను ఒప్పుకోను. మా వార్డులో చాలాకాలం పనిచేసిన ఒక ఆయా ఉండేది. ఏ పేషెంటు రాత్రి నిద్రపోలేదో, ఎవరు ట్రేలో పెట్టింది తినకుండా దాచేస్తున్నారో, ఎవరి బంధువులు బిల్లు గురించి వరండాలో ఏడుస్తున్నారో ఆమె చెబితేగానీ మాకు తెలిసేది కాదు. ఒకసారి ఆమె వచ్చి, "సిస్టర్, ఆ మూల మంచం పెద్దాయన పొద్దున నాతో మాట్లాడాడు. ఇప్పుడు మాట ముద్దముద్దగా వస్తోంది, ఓసారి చూడండి" అంది. వెళ్లి చూస్తే ఒకవైపు మూతి జారింది, అటువైపు చెయ్యి లేవడం లేదు. స్ట్రోక్‌లో నిమిషాలే లెక్క. మెదడులో రక్తం గడ్డను కరిగించే మందు ఇవ్వడానికి, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే వీలు. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో చెప్పగలిగింది ఆమె ఒక్కతే, ఎందుకంటే పొద్దున ఆయన మాట మామూలుగా ఉండటం విన్నది ఆమే. నేల తుడిచే మనిషి కాబట్టి ఆమె మాట ఎవరూ వినకపోయుంటే?

తర్వాత శుభ్రత పని కాంట్రాక్టు కిందికి వెళ్లింది. వారానికో వార్డు మార్చడం మొదలుపెట్టారు. ఆమె కూడా అలా తిరుగుతూ తిరుగుతూ ఒకరోజు మానేసింది. ఆమెది ఆలోచనా తీరు సమస్యా? వారానికోసారి మనుషులు మారిపోతుంటే పొద్దున ఎవరు ఎలా మాట్లాడారో ఎవరికి తెలుస్తుంది? మనిషి తన పనిలో అర్థం వెతుక్కోవాలంటే, ముందు ఆ మనిషిని ఒకచోట నిలవనివ్వాలి.

మాట వినడం గురించి ఇంకొంచెం చెప్పాలి. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేసింది. మంచి టీములున్న వార్డుల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంది. లెక్క తీస్తే వాటిలోనే ఎక్కువ కనిపించాయి. కారణం వెతికితే, మంచి టీముల్లో పొరపాటు జరిగిందని చెప్పుకోవడానికి భయం లేదు కాబట్టి అవి రికార్డుకెక్కుతున్నాయని తేలింది. మిగతాచోట్ల దాచేస్తున్నారు. ఇది 1996లో అచ్చయింది. ఇప్పటికీ ఇన్సిడెంట్ రిపోర్టులు తక్కువ వచ్చిన వార్డుకు మెచ్చుకోలు, ఎక్కువ వచ్చిన వార్డుకు సంజాయిషీ నోటీసు ఇచ్చే ఆసుపత్రులున్నాయి.

ల్యాబులో పనిచేసే ఒకాయన నాతో చెప్పిన సంగతి దీనికి దగ్గరగా ఉంటుంది. రక్తం తీసేటప్పుడు సూది సరిగ్గా పడకపోయినా, ట్యూబును గట్టిగా కుదిపినా ఎర్ర కణాలు పగిలిపోతాయి. వాటి లోపలి పొటాషియం బయటికొచ్చి రిపోర్టులో పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి మందు ఇస్తే పేషెంటుకు ప్రమాదం. పైన తేరిన ద్రవం లేత పసుపులో ఉండాల్సింది గులాబీ రంగుకు తిరిగితే శాంపిల్ చెడిందని అర్థం. ఆయన వార్డుకు ఫోన్ చేసి ఇంకో శాంపిల్ అడిగితే, పని తప్పించుకోవడానికే అడుగుతున్నాడని కసురుతారట. "తప్పు రిపోర్టు ఇచ్చేస్తే ఎవరూ ఏమీ అనరు మేడం, సరైంది ఇస్తానంటేనే తిడతారు" అన్నాడు. ఆయన అడిగేది ఇంక్రిమెంటు కాదు. తన కంటికి కనిపించిందాన్ని నమ్మమంటున్నాడు, అంతే.

ఆపరేషన్ థియేటర్లలో వాడే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెక్‌లిస్టులో, కోత పెట్టేముందు అక్కడున్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తాము చేసే పని చెప్పుకోవాలని ఉంటుంది. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో దాన్ని అమలు చేసి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. ఆ తగ్గుదలలో పేర్లు చెప్పుకోవడం వాటా ఎంతో విడదీసి చెప్పలేం. కానీ పేరు పెట్టి పిలిచిన మనిషి 'సార్, దూది ఒకటి లెక్కకు రావడం లేదు' అని నోరు విప్పడానికి తటపటాయించడు. ఇది మాత్రం నేను కళ్లారా చూశాను.

ఇంకొకటుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఎమర్జెన్సీలో గుండె ఆగిన మనిషికి సీపీఆర్ చేసి, చెమటలు కక్కి, పల్స్ వచ్చాక ఐసీయూకు పంపిస్తారు. అక్కడితో వాళ్ల పని అయిపోతుంది. ఆ మనిషి బతికాడా లేదా ఎవరూ చెప్పరు. అంబులెన్సువాళ్లకు అసలే తెలియదు. ఎక్స్‌రే తీసినవాళ్లకు, రక్తం గ్రూపు చూసి బ్యాగు ఇచ్చినవాళ్లకు పేషెంటంటే ఒక నంబరు. కారిడార్లో ఎదురైనప్పుడు "సిస్టర్, ఆ రోజు యాక్సిడెంట్ కేసు ఏమైంది?" అని అడిగేవాళ్ల గొంతులో ఆత్రం చూస్తే, తమ పని ఎక్కడికి చేరిందో తెలుసుకోవడం మనుషులకు ఎంత అవసరమో అర్థమవుతుంది. దీనికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. పేషెంటు వివరాల గోప్యత పాటిస్తూనే, ఆ కేసుకు పనిచేసినవాళ్లకు 'డిశ్చార్జి అయ్యారు' అనో 'దక్కలేదు' అనో ఒక్క ముక్క కబురు పంపొచ్చు. దక్కలేదన్న కబురు కూడా వాళ్లకు కావాలి. ఏమీ తెలియకపోవడం కన్నా అది నయమని వాళ్లే అంటారు.

2020లో చాలా దేశాల్లో జనం బాల్కనీల్లోకి వచ్చి మాకోసం చప్పట్లు కొట్టారు. అవి మనస్ఫూర్తిగా కొట్టినవే, నేను వాటిని తక్కువ చేయను. డిశ్చార్జి రోజున పేషెంటు చెయ్యి పట్టుకుని చెప్పే థాంక్స్ కూడా మాకు చాలా విలువైనది. కానీ అవి పేషెంట్లు, జనం ఇచ్చేవి. యాజమాన్యం ఇవ్వాల్సింది వేరు. మాస్కులు చాలనప్పుడు పొగడ్త మాస్కు పని చేయదు. 'దేవుళ్లు' అని పిలవడంలో ఇంకో చిక్కు కూడా ఉంది. దేవుళ్లకు నిద్ర, సెలవు, తోడు అక్కర్లేదు కదా. మాకు అవన్నీ కావాలి.

ఇవేవీ కొత్తగా కనిపెట్టాల్సినవి కావు. 1980ల మొదట్లో అమెరికాలో నర్సుల కొరత బాగా ఉన్నప్పుడు, కొందరు పరిశోధకులు అందరూ ఎందుకు మానేస్తున్నారని అడగడం ఆపి, నర్సులు మానకుండా నిలుస్తున్న ఆసుపత్రుల్లో ఏముందని వెతికారు. 1983లో 41 ఆసుపత్రుల మీద నివేదిక వచ్చింది. అక్కడ కనిపించినవి: సరిపడా మనుషులు, వీలున్న డ్యూటీ వేళలు, అందుబాటులో ఉండే పైఅధికారులు, పేషెంటు గురించి తీసుకునే నిర్ణయాల్లో నర్సు మాటకు చోటు. నలభై ఏళ్లు దాటింది. నా దగ్గర కూర్చుని చివరి మాటలు చెప్పేవాళ్లు అడిగేది ఇప్పటికీ ఇవే.

మేనేజర్లు నన్ను తరచూ అడుగుతుంటారు, స్టాఫ్ కోసం ఏ స్కీము పెట్టమంటారు అని. స్కీము వద్దు, ఒక రాత్రి మూడు గంటలకు వార్డుకు రమ్మంటాను. వచ్చి, 'బాగున్నారా' అని కాకుండా, 'ఈ రాత్రి చేయాలనుకుని చేయలేకపోయింది ఏమిటి?' అని అడగమంటాను. మొదటిసారి వచ్చే జవాబులు చాలా చిన్నవిగా ఉంటాయి. బీపీ మిషను కఫ్ లీకవుతోంది. లినెన్ గది తాళం ఎవరి దగ్గరుందో తెలియదు. చేతులు కడిగే చోట సబ్బు అయిపోయింది. అవి విని నిరాశపడి వెళ్లిపోకూడదు. ఎదుటి మనిషి మన మాట పట్టించుకుంటాడో లేదో చూడటానికి ముందు అలాంటివే చెబుతారు. మర్నాడే ఆ కఫ్ మార్చి, తాళం చెవి వార్డులో పెట్టిస్తే, రెండోసారి వెళ్లినప్పుడు మూల మంచం పేషెంటును తిప్పడానికి మనిషి లేడన్న సంగతి చెబుతారు.